ముప్పై మీటర్ల వసారా

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే నంద్యాలలో తెల్లారింది. స్టేషన్ బయట టీ బండి దగ్గర ఓ పెద్దాయన నా భుజాన వేలాడుతున్న పొడుగాటి గుడ్డసంచి చూసి, "ఏమమ్మా, తంబురానా?" అని అడిగారు. ఎత్తు కొలిచే కడ్డీ అని చెప్పాను. మూడు ముక్కలుగా ఊడదీసి మోసుకుపోవచ్చు. రెండో సంచిలో యాభై మీటర్ల టేపు, రెండు నారింజరంగు కోన్లు, స్టాప్‌వాచీ, వేలికి తగిలించే ఆక్సీమీటరు, పిడికిలి బలం చూసే మీటరు, ఊపిరి కొలిచే చిన్న యంత్రం, ఒక డబ్బా సుద్దముక్కలు ఉన్నాయి. "జబ్బున్న పిల్లల్ని కొలవడానికి పోతున్నాను" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చేశారు.

నేను ఫిజియోథెరపిస్టుని. జన్యువ్యాధుల క్లినిక్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి మోర్కియో జబ్బు. ఆరు నెలలకోసారి వాళ్ళ ఎత్తు, నడక, ఊపిరి, పిడికిలి కొలిచి కాగితం మీద పెట్టడం నా పని. అందులో ముగ్గురు రావడం మానేశారు. ఒకరు పద్నాలుగు నెలలుగా, ఒకరు రెండేళ్ళుగా, ఒకరు అంతకంటే ఎక్కువ కాలంగా. గిద్దలూరు పక్కన ఒకరు, కంభం పక్కన ఒకరు, మార్కాపురంలో ఒకరు. ముగ్గురూ ఒకే రైలుదారిలో ఉన్నారు కాబట్టి నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. పిల్లల పేర్లు రాయను. పల్లెల పేర్లు కూడా వద్దు, దగ్గర్లోని పట్నం పేరు చాలు.

మోర్కియో అంటే చాలామంది వినే ఉండరు. మన కీళ్ళ మధ్య మెత్తటి మృదులాస్థిలో, కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలో కెరటాన్ సల్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. అది పొడుగాటి గొలుసు. పాతబడ్డ గొలుసుని ఒక చివర నుంచి ఒక్కో లంకె ఊడదీసే ఎంజైములు కణాల్లో వరసగా పనిచేస్తుంటాయి. అందులో ఒక్కటి లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. సగం విప్పిన గొలుసులు కణాల్లోనే పేరుకుపోతాయి. పుట్టినప్పుడు బిడ్డ అందరిలాగే ఉంటుంది. నడక వచ్చాక ఏడాదికో, రెండేళ్ళకో మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోవడం మొదలవుతుంది. రొమ్ము ఎముక ముందుకి పొడుచుకొస్తుంది, మెడ పొట్టిగా అవుతుంది, మణికట్లు గుడ్డపేలికల్లా వదులవుతాయి. ఏడెనిమిదేళ్ళకి ఎదుగుదల దాదాపుగా ఆగిపోతుంది. జబ్బు గట్టిగా ఉన్న పిల్లలు పెద్దయినా 120 సెంటీమీటర్లు దాటరు. తెలివితేటలకి మాత్రం ఏ లోటూ ఉండదు. తన ఒంట్లో జరుగుతున్నదంతా ఆ బిడ్డకి తెలుస్తూనే ఉంటుంది.

1929లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో లూయిస్ మోర్కియో అనే పిల్లల డాక్టరు ఒకే ఇంట్లో పుట్టిన నలుగురు పిల్లల్లో ఈ జబ్బుని చూసి రాశారు. అదే ఏడాది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎక్స్‌రేలు చూసే డాక్టర్ బ్రెయిల్స్‌ఫోర్డ్ కూడా విడిగా రాశారు. ఇద్దరూ చేసింది చూసింది చూసినట్టు రాసిపెట్టడమే. అప్పటికి అంతకుమించి చేయగలిగింది లేదు.

ప్యాసింజరు గాజులపల్లె దాటాక నల్లమల మొదలైంది. చలికాలం పొద్దు కాబట్టి కిటికీలోంచి ఆకు రాలిన టేకుచెట్లు కనిపిస్తున్నాయి. సొరంగంలోకి వెళ్ళగానే పెట్టెలో చిన్నపిల్లలంతా ఒక్కసారి కేకపెట్టారు. నేను మాత్రం ఫైళ్ళు ముందేసుకుని కూర్చున్నాను.

నన్ను ఇంతదూరం తెచ్చిన లెక్క ఇది. ఒక జబ్బు ఏడాదికి ఎంత ముదురుతుందో తెలియాలంటే అదే పిల్లల్ని మళ్ళీమళ్ళీ కొలవాలి. మోర్కియో మీద అలా జరిగిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో 325 మంది ఉన్నారు. ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం ఏడాదికి సుమారు 5 మీటర్లు తగ్గుతోందని తేల్చారు. ఐదు మీటర్లంటే ఎంత, మన వసారా పొడవు కూడా ఉండదు. కానీ సగటులో ఒక చిక్కుంది. మళ్ళీ కొలతకి రాగలిగినవాళ్ళ మీదే ఆ సగటు నిలబడుతుంది. బాగా దెబ్బతిన్న పిల్లలు ప్రయాణం చెయ్యలేరు, వాళ్ళ గడి ఖాళీగా ఉండిపోతుంది. మిగిలినవాళ్ళతో లెక్క కడితే జబ్బు నెమ్మదించినట్టే కనిపిస్తుంది. మా క్లినిక్ రిజిస్టరులోనూ అదే జరుగుతోంది. కిందటేడు సగటు నడక అంతకుముందు ఏటి కంటే మెరుగ్గా వచ్చింది. ఎవరి కాళ్ళూ బాగుపడలేదు. నడవలేనివాళ్ళు రావడం మానేశారు, అంతే. ఆ కాగితం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

గిద్దలూరు పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న మోటారుసైకిలు మీద స్టేషనుకి వచ్చాడు. ఇల్లు చేరేసరికి వాకిట్లో మంచం వాల్చి ఉంది. అమ్మా, అవ్వా, పదహారేళ్ళ అక్కా, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. వాడు అవ్వ వెనకాల నిలబడి నా సంచి వైపే చూస్తున్నాడు.

ఆరు నిమిషాల నడకకి ముప్పై మీటర్ల చదునైన దారి కావాలి. క్లినిక్‌లో వరండా ఉంది. పల్లెలో ఏముంది? ఇంటి ముందు సిమెంటు రోడ్డు చూస్తే ఏటవాలుగా ఉంది, పైగా ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. పదిహేను మీటర్లలో నడిపించి సరిపెడదామంటే కుదరదు. దారి పొట్టిదైతే మలుపులు ఎక్కువవుతాయి, మలుపు దగ్గర వేగం తగ్గుతుంది, పాత లెక్కతో పోల్చడానికి పనికిరాదు. చివరికి హైస్కూలు హెడ్మాస్టరుగారికి ఫోను చేస్తే ఆదివారమైనా తాళాలు తీసుకుని వచ్చారు. పాత భవనంలో ఐదు తరగతిగదుల ముందు ఒకే వసారా ఉంది. టేపు పరిస్తే ముప్పైరెండు మీటర్లు వచ్చింది. ఆయన స్వయంగా చీపురు పట్టుకుని ఊడ్చారు. మూడు మీటర్లకొక సుద్దగీత గీసి రెండు చివర్లా కోన్లు పెట్టాను. పిల్లవాడు గీతలన్నీ లెక్కపెట్టుకుంటూ ఆ చివరిదాకా పోయి వచ్చి, "పదకొండు ఉన్నాయి" అన్నాడు.

ఈ పరీక్షకి కట్టుబాట్లున్నాయి. అమెరికాలోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం 2002లో పెట్టినవి. పరిగెత్తకూడదు, నడవాలి. అలసిపోతే గోడకి ఆనుకోవచ్చు, వాచీ మాత్రం ఆగదు. నడిపించేవాళ్ళు నిమిషానికొకసారి, అదీ అన్నిసార్లూ ఒకే గొంతుతో, నిర్ణయించిన మాటలే అనాలి. "బాగా నడుస్తున్నావు. ఇంకా ఐదు నిమిషాలుంది." "ఇలాగే నడువు. ఇంకా నాలుగు నిమిషాలుంది." అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పకూడదు. ఎందుకంటే ఉత్సాహపరిస్తే ఎవరైనా కాస్త ఎక్కువ నడుస్తారు. ఈసారి పొగిడి, వచ్చేసారి పొగడకపోతే ఆ తేడా జబ్బు లెక్కలో పడిపోతుంది.

ఇదంతా అవ్వకి ముందే చెప్పాను. ఆమె తలూపింది. రెండో నిమిషంలో పిల్లవాడు మలుపు తిరిగి రొప్పుతుంటే తట్టుకోలేక, "రా నాయనా, రా, నా బంగారు" అని చేతులు చాపింది. ఆపి, మంచినీళ్ళు తాగించి, అరగంట కూర్చోబెట్టి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను. రెండోసారి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తరగతిగది గుమ్మంలో గోడవైపు తిరిగి నిలబడింది. ఆ ఆరు నిమిషాలూ వసారాలో వినిపించినవి నా మాటలు, వాడి చెప్పుల చప్పుడే. మోకాళ్ళు ఒరుసుకోకుండా వాడు ఒక్కో కాలినీ పక్కనుంచి తిప్పి ముందుకి వేస్తాడు. అడుగడుక్కీ భుజాలు పడవలా అటూఇటూ ఊగుతాయి. నాలుగో నిమిషంలో మూడో తరగతిగది తలుపు దగ్గర ఆగి, రెండు చేతులూ గోడకి ఆనించి, తల వంచుకుని పదమూడు సెకన్లు నిలబడ్డాడు. నేను వాచీ చూస్తూ నోరు కట్టేసుకున్నాను. మళ్ళీ కదిలాడు.

ఒక కొస నుంచి ఇంకో కొసకి ఏడుసార్లు, ఆపైన పదకొండు మీటర్లు. మొత్తం 221. పద్నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో 248 నడిచాడు. ఎత్తు 96.4 నుంచి 96.9కి వచ్చింది.

ఒక్కరోజు నడకతో ఏదీ తేల్చకూడదు. వాడు ఒకసారి మధ్యలో ఆగి అలిసిపోయి ఉన్నాడు. అందుకని ఆ రాత్రి గిద్దలూరులోనే ఉండి సోమవారం పొద్దున బడి గంటకి ముందే మళ్ళీ పెట్టాను. 224. పెద్ద తేడా లేదు. ఏడాదికి ఐదు మీటర్లు తగ్గుతుందన్న చోట పద్నాలుగు నెలల్లో పాతిక మీటర్లు పోయాయి. ఈ జబ్బుకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చిన మందుంది, ఎలోసల్ఫేస్ ఆల్ఫా. శరీరంలో లేని ఎంజైముని వారానికోసారి నాలుగు గంటలపాటు సెలైన్‌లో ఎక్కిస్తారు. 176 మంది మీద 24 వారాలు పరీక్షిస్తే, మందు తీసుకోనివాళ్ళ కంటే తీసుకున్నవాళ్ళు ఆరు నిమిషాల్లో 22.5 మీటర్లు ఎక్కువ నడిచారు. దాని మీదే అనుమతి వచ్చింది. ప్రపంచం ఇంత కష్టపడి సంపాదించిన ఆ 22 మీటర్లూ, ఈ వసారాలో ఒక పిల్లవాడు పోగొట్టుకున్న పాతిక మీటర్లూ పక్కపక్కన రాసుకుని చూశాను.

"చెప్పులు జారుతున్నాయా?" అని వాళ్ళమ్మని అడిగాను. "నడుస్తుంటే కాల్లోంచి చెప్పు ఊడిపోయి, వాడికి తెలియకుండానే రెండడుగులు వేస్తున్నాడా?"

"లేదు మేడమ్."

"పాసు ఆపుకోలేకపోవడం? చేతుల్లోంచి గ్లాసు జారిపోవడం?"

అవీ లేవంది. మోకాలి కింద సుత్తితో కొట్టి చూశాను. కాలు మామూలు కంటే కొంచెం చురుగ్గా ఎగిరింది. వచ్చే నెల మెడకి ఎంఆర్ఐ తీయించాలని రాసిచ్చాను. ఎందుకలా గుచ్చిగుచ్చి అడిగానో మార్కాపురం దగ్గర చెప్తాను.

వీడి జబ్బు పేరు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాళ్ళు వంకరపోతే జనం మొదట నీళ్ళనే అనుమానిస్తారు, తప్పు లేదు. ఆ తర్వాత ఎవరో రికెట్స్ అన్నారు. డి విటమిన్ పొట్లాలు, కాల్షియం సీసాలు నడిచాయి. మూత్ర పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. మోర్కియోలో మూత్ర పరీక్ష మామూలుగా రావడం అరుదేమీ కాదు, రక్తంలో ఎంజైము చూస్తేగానీ తేలదు. అది తేలేసరికి వీడికి ఆరేళ్ళు.

కొలతలన్నీ అయ్యాక అవ్వ నన్ను పక్కకి పిలిచింది. తన తమ్ముడికి తన కూతురినే ఇచ్చి చేసింది. వీడి నాన్న ఆమె తమ్ముడు, వీడి అమ్మ ఆమె బిడ్డ. "ఆస్తి బయటికి పోకూడదని నేనే పట్టుబట్టి చేసినా. ఆ పాపం వీడికి తగిలిందంటనే?" అంది.

హెడ్మాస్టరుగారి బల్ల మీద సుద్దముక్కలు ఉన్నాయి. తెల్లవి మూడు, ఎర్రది ఒకటి తీసుకున్నాను. ప్రతి మనిషికీ ఈ ఎంజైము తయారీ పాఠం రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకదాంట్లో తప్పున్నా రెండోది పని నడిపిస్తుంది, ఆ మనిషికి ఏమీ కాదు. వీడి అమ్మా నాన్నల్లో ఒక్కొక్కరి దగ్గర తప్పు ప్రతి ఒకటుంది. ఒకే ఇంటి రక్తం కాబట్టి అదే తప్పు ఇద్దరికీ వచ్చింది. అలాంటి జంటకి కాన్పు కాన్పుకీ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు రావచ్చు, మూడు వంతులు రాకపోవచ్చు. "ఆ తప్పు ప్రతి నువ్వు పుట్టకముందే, మీ తాతముత్తాతల నాటినుంచీ వస్తున్నదే. అది కనిపించదు అవ్వా. నీకెట్లా తెలుస్తుంది?" అన్నాను. ఆమె ఎర్ర సుద్దముక్కని చాలాసేపు అరచేతిలో తిప్పింది. తర్వాత మనవరాలి వైపు చూసి, "దీన్ని మా చిన్నోనికే అడుగుతున్నారు" అంది.

ఆ అమ్మాయికి పదహారేళ్ళు. పెళ్ళి వయసు రానివ్వమని మొదట చెప్పాను. ఆ తర్వాత ఎవరికి చేసినా ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమన్నాను. ఇద్దరి దగ్గరా తప్పు ప్రతి ఉందని తేలితే, గర్భం మూడో నెలలోనే మావి ముక్క తీసి బిడ్డ సంగతి చూడొచ్చు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే సంస్థలో ఇలాంటి జన్యుపరీక్షలు చేస్తారు. అవ్వకి చీటీ మీద రాసిచ్చాను. ఆమె చదువుకోలేదు, అయినా దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

కంభంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. గుండ్లకమ్మకి అడ్డంగా కట్టిన పెద్ద చెరువు ఆ ఊరికి పేరు తెచ్చింది, ఆ సాయంత్రం గాలి దాని మీదుగానే వచ్చింది. అక్కడి అమ్మాయికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. తలుపు తీసింది తనే. వాళ్ళమ్మ మర్యాదకి సర్దిచెప్పబోతుంటే అడ్డుపడి తనే చెప్పేసింది. "నేనే రానన్నాను మేడమ్. ప్రతిసారీ 101 సెంటీమీటర్లే. అది చెప్పించుకోడానికి నాన్న రెండురోజుల కూలి పోగొట్టుకుని, నేను బడి మానేసి, రాత్రంతా బస్సులో కూర్చోవాలా? పైగా కొలిచేటప్పుడు వరసలో అందరూ చూస్తుంటారు."

నాకు సిగ్గేసింది. మా కొలత గదికి తెర లేదు. పన్నెండేళ్ళలో అది నాకు తట్టలేదు.

గది తలుపు వేసి కొలిచాను. 101.2. మూడేళ్ళుగా అంతే. ఎత్తు ఆగిపోయాక దాన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదనీ, ఇప్పుడు చూడాల్సినవి ఊపిరి, పిడికిలి, మెడ అనీ చెప్పాను. తను ఒక నోటుబుక్కు తెచ్చింది. బడి మెట్లు ఎన్ని ఆగకుండా ఎక్కగలుగుతోందో నెలనెలా రాసుకుంటోంది. జూన్‌లో ఇరవై రెండు, ఇప్పుడు పద్దెనిమిది. "నా నెంబర్లన్నీ మీ దగ్గరున్నాయి కదా, నాకెందుకు ఇవ్వరు?" అంది. ఆమె ఫైలంతా తీసుకెళ్ళి బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి ఇచ్చాను. ఊపిరి యంత్రంలోకి ఎలా ఊదాలో ఒకసారి చూపిస్తే మూడుసార్లు ఊది, మూడింటిలో ఎక్కువ వచ్చినదాన్ని తనే చదివి రాసింది. 0.71 లీటర్లు. ఆ పిల్లకి నేను చెప్పాల్సింది పెద్దగా ఏం లేదు.

మంగళవారం మార్కాపురం.

ఆ ఊరంటే మా తరానికి పలకలే. నేను ఒకటో తరగతిలో దిద్దిన పలక కూడా ఈ చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చిందే అయ్యుంటుంది. ఇక్కడి పిల్లవాడి నాన్న పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని చేస్తాడు. ఆయన చేతులు మోచేతుల దాకా బూడిదరంగులో ఉంటాయి. కొడుకుకి పదిహేనేళ్ళు.

రెండేళ్ళ కింద వాళ్ళమ్మ నాకు ఫోను చేసింది. "చెప్పు కాల్లోంచి జారిపోతోందమ్మా. వాడికి తెలియడం లేదు" అంది. నేనప్పుడు క్లినిక్‌లో ఉన్నాను, ముందర ఇంకో బిడ్డ నడుస్తోంది. మోర్కియోలో పాదం వదులుగా ఉంటుంది, చెప్పు జారడం వింతేమీ కాదనుకున్నాను. "వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి" అన్నాను. ఫైల్లో కూడా రాయలేదు.

మెడలో రెండో పూస మీద పంటిలా లేచి నిలబడే చిన్న ఎముక ఒకటుంటుంది. తల తిరిగినప్పుడు పై పూస జారకుండా పట్టుకునేది అదే. మోర్కియో పిల్లల్లో అది సరిగా ఎదగదు. అందుకని పూసలు కదిలి లోపలున్న వెన్నుపామును నొక్కుతాయి. నొప్పి ఉండాలని లేదు. మొదట పాదానికి చెప్పు ఉందో ఊడిందో తెలియదు. తర్వాత నడక తగ్గుతుంది. ఇంట్లోవాళ్ళు మోకాళ్ళ వల్లే అనుకుంటారు, చాలాసార్లు మేమూ అలాగే అనుకుంటాం. ఆ ఫోను వచ్చిన నాలుగు నెలలకి ఒక పొద్దున ఆ పిల్లవాడు మంచం మీంచి లేవలేకపోయాడు. మెడకి ఆపరేషన్ జరిగింది. చేతులూ ఊపిరీ నిలిచాయి, కాళ్ళు తిరిగి రాలేదు.

వాళ్ళింటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆమె కాళ్ళకి నీళ్ళిచ్చింది, ఉగ్గాణి చేసి పెట్టింది. మాటల్లో మామూలుగానే అంది, "మీరు చెప్పిన పట్టీ చెప్పులు కొన్నామమ్మా. రెండు నెలలేసుకున్నాడు." నిష్ఠూరం లేదు. నా తప్పు అప్పుడు చెప్పేశాను. ఆ రోజు ఫోనులో విన్న మాట ఎంత ముఖ్యమైనదో, నేను దాన్ని ఎలా వదిలేశానో, అప్పుడే మెడ చూడమని పంపించి ఉంటే కాళ్ళు నిలిచే అవకాశం ఉండేదని కూడా చెప్పాను. ఆమె పీట మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు. "వాడితో చెప్తారా?" అని మాత్రం అడిగింది. చెప్తానన్నాను.

చెప్పాను. వాడు విన్నాడు. "మరి మిగతావాళ్ళని అడుగుతున్నారా?" అన్నాడు. గిద్దలూరులోనూ కంభంలోనూ అడిగానని చెప్పాను.

వాడు గోడకి దిండ్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఒళ్ళో నల్లపలక ఉంటుంది. నోటుబుక్కు జారిపోతుందట, పలకైతే బరువుకి కదలదు. మణికట్టు నిలవదు కాబట్టి గుడ్డపట్టీతో బలపాన్ని రెండు వేళ్ళకి కట్టుకుని పదో తరగతి లెక్కలు చేస్తున్నాడు. పలక చెక్కకి పైనుంచి కిందికి చిన్న గాట్లున్నాయి, పూర్తిచేసిన అధ్యాయానికొకటి.

ఎత్తుకి బదులు ముక్కలుముక్కలుగా పొడవు కొలిచాను. ఊపిరి, పిడికిలి, చేతులు పైకెత్తగలిగే కోణం, అన్నీ అయ్యాయి. కాగితంలో ఆరు నిమిషాల నడక అన్న గడి మిగిలింది. వాడు నా చేతిలోంచి కాగితం తీసుకుని చూశాడు.

"ఇక్కడేం రాస్తారు?"

రెండు దారులున్నాయని చెప్పాను. ఖాళీగా వదిలేస్తే ఈ పిల్లవాడు పరీక్షకి రాలేదని అర్థం, లెక్కలోంచి తప్పుకుంటాడు. సున్నా వేస్తే జబ్బువల్ల నడవలేకపోయాడని అర్థం, సగటులో వాడూ ఉంటాడు.

"సున్నా వేస్తే మందు ఇవ్వరా?"

పదిహేనేళ్ళ పిల్లవాడు సూటిగా అడిగాడు. 2021లో కేంద్రప్రభుత్వం అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. ఇప్పుడు ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఇవ్వొచ్చు. మోర్కియో ఆ జాబితాలో ఉంది, కానీ జబ్బు చిక్కులు మొదలవకముందు అన్న షరతుతో ఉంది. నిజంగా కొలిచి రాసిన సున్నా వాడికే అడ్డు రావచ్చు. అది దాచలేదు. నిర్ణయం పెద్ద ఆసుపత్రిలోని డాక్టర్ల కమిటీదనీ, నేను రాసేది వాళ్ళు చూస్తారనీ చెప్పాను. మందు ఊపిరికి ఎంతో కొంత ఆసరా అవుతుందన్న ఆశతో అడుగుదామనీ, ఎముకల్ని మాత్రం అది వెనక్కి తిప్పదనీ చెప్పాను. ఒకవేళ వచ్చినా వారం వారం ఎక్కడ ఎక్కించుకోవాలో కూడా వెతకాలి. నాకు తెలిసినంత చెప్పాను. అది వాడికి చాలదు.

వాడు పలక మీద వేలితో సుద్దపొడి చెరుపుతూ కూర్చున్నాడు. "పిడికిలి ఎంతొచ్చింది?"

"3.1 కిలోలు."

"ఇంకోసారి చేస్తా. అది మూడుసార్లు చెయ్యొచ్చు కదా, రెండేసార్లు చేయించారు."

నిజమే, మరిచిపోయాను. మీటరు చేతికిచ్చాను. గుడ్డపట్టీ విప్పి, మణికట్టుని ఎడమచేత్తో కిందనుంచి పట్టుకోబోయి, అలా చేస్తే లెక్కకి రాదని తనే వదిలేశాడు. పళ్ళు బిగించి నొక్కాడు. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. 3.4. అది రాశాను. నడక గడిలో సున్నా వేసి, దాని పక్కన మెడ ఆపరేషన్ జరిగిన నెల, ఏడాది, అంతకుముందు చెప్పు జారడం మొదలైందని వాళ్ళమ్మ ఫోను చేసిన నెల కూడా రాశాను. ఆ ఫోను ఎవరు తీసుకున్నారో చెప్పే గడి ఆ కాగితంలో లేదు. కింద ఖాళీ ఉన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం మార్కాపురం రోడ్ స్టేషన్‌లో బండెక్కాను. గిద్దలూరు దాటాక నల్లమలలో సిగ్నల్ ఉండదని, కంభంలో బండి ఆగినప్పుడే గిద్దలూరు పిల్లవాడి అమ్మకి ఫోను చేశాను. ఎంఆర్ఐకి మత్తు ఇవ్వనివ్వొద్దని మళ్ళీ చెప్పాలి. ఈ పిల్లలకి మెడ వెనక్కి వంచి మత్తు ఇవ్వడం ప్రమాదం. తొమ్మిదేళ్ళవాడు కాబట్టి కదలకుండా పడుకోగలడు.

"రెండ్రోజులుగా వాడి వెనకాలే నడిచి చూస్తున్నా మేడమ్" అంది ఆమె. "చెప్పులు జారడం లేదు. కానీ ఎడమచెప్పు ముందర, బొటనవేలి దగ్గర అరిగిపోయింది. కుడిది అరగలేదు. రెండూ దసరాకి కొన్నవే."

ఆ కాలి ముందుభాగం సరిగా లేవడం లేదన్నమాట. వేలు నేలకి రాసుకుంటోంది.

వచ్చే నెల దాకా ఆగొద్దన్నాను. గురువారం రాత్రి బస్సెక్కి శుక్రవారం పొద్దునకల్లా రమ్మన్నాను. ఆ చెప్పులు రెండూ సంచిలో వేసుకుని తెమ్మన్నాను. "మధ్యలో తల వాల్చి నిద్రపోనీకండి, మెడకి టవలు చుట్టండి" అని చెప్తుండగా బండి కదిలింది. ఆమె తేదీ తిరిగి చెప్పింది. నేను న్యూరోసర్జన్‌కి డయల్ చేశాను.